వేలు పట్టుకునే సారు

మొన్న మా షెడ్డు కొలవడానికి కొత్త ఇంజినీరు ఒకతను వచ్చాడు. ఒట్టపిడారం వైపువాడు, ఇంట్లో మాలాగే తెలుగు. అతని చేతిలో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన పరికరం ఉంది. నొక్కితే ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, దూరం ఎంతో పరికరం మీద కనిపిస్తుంది. ఆ చుక్కను వెంటేసుకుని షెడ్డంతా తిరిగి, చివరికి తల గోక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఈ కట్టడం ఎవరు కట్టిరి? జన్నల్ కొలిస్తే అడుగులకి రాదు, మీటరుకీ రాదు. మెట్టు అంతే, తిన్నె అంతే. కానీ ఒకదానికొకటి పెట్టి చూస్తే మాత్రం అచ్చంగా సరిపోతాది. ఇదేం కణక్కు?" అని కిటికీ వైపు చూపించాడు.

"అది ఎర్రక్క వేలి కణక్కు" అన్నాను.

ఈమెకు ఎండదెబ్బ తగిలిందేమో అన్నట్టు చూశాడు పాపం. అతని తప్పేం లేదు. ఆ లెక్కతో ఈ షెడ్డు కట్టిన మనిషి పోయి ఏడాది దాటింది. ఇక చెప్పేదాన్ని నేనే మిగిలాను.

మాది తమిళనాట కోవిల్‌పట్టి. చేసేది కడలె మిఠాయి. వేయించిన వేరుశెనగపప్పు, బెల్లం పాకం, ఇంతే సరుకు. మిగతాదంతా చేతి పని. నేను చిన్నప్పుడు తిరుపతిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చాయి, ఇలా రాయగలుగుతున్నాను. మా షెడ్డులో మిగతావాళ్లకు తెలుగు నోట్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఇప్పుడు మిఠాయి ముక్కలకు కాగితం చుట్టే యంత్రం ఒకటి కొంటున్నాం. అది లోపలికి రావాలంటే వెడల్పు షట్టరు కావాలి. అందుకని వాకిలి పక్కన మా నాయన కూర్చునే మూలను పడగొట్టేద్దామని ఇంజినీరుతో ఫోనులోనే ఒప్పుకున్నాను. నాయనే లేడు, ఇంక నాయన మూల ఎందుకనుకున్నాను.

ఇక ఆ మనిషి సంగతి. ఆయన పేరు రాయను. కట్టిన ఏ ఇంటి మీదా తన పేరు వేసుకోని మనిషికి నేనెందుకు వెయ్యాలి? మా ఆడవాళ్లు ఆయనకు పెట్టిన పేరు 'వేలు పట్టుకునే సారు'. మగవాళ్లు ఎదురైతే నమస్కారంతో వదిలేవాడు కాదు, చెయ్యి అందుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకునేవాడు. మాట్లాడుతున్నంతసేపూ వదలడు. ఆడవాళ్లయితే "చెయ్యి చూపించమ్మా" అని ఎదురుగా గొంతుక్కూర్చుని చూసేవాడు. మొదటిసారి మేమంతా చేతిజోస్యం అనుకున్నాం. మా షెడ్డులో అందరికన్నా పాత మనిషి, అందరికన్నా పొట్టి మనిషి ఎర్రక్క. ఆమె అరచెయ్యి చాపి, "సారూ, ఇంకొక మనవడు ఉండాడేమో చూసి చెప్పండి" అంది.

ఆయన నవ్వలేదు. "మనవడి సంగతి తెలీదక్కా. నువ్వు మిఠాయి రుద్దే కర్ర ఉండాదే, అది నీ గుప్పిటకన్నా లావు. అందుకే నీకు మణికట్టు నొస్తాది."

ఎర్రక్క నోరెళ్లబెట్టింది. ఆ నొప్పి సంగతి ఆమె నాకు కూడా చెప్పలేదు. మరుసటి వారం విరుదునగర్ నుంచి వస్తూ ఆయన సన్నటి కర్ర ఒకటి సంచిలో వేసుకొచ్చాడు. ఇంకా షెడ్డు కట్టే మాటే ఖాయం కాలేదు, కర్ర మాత్రం వచ్చేసింది.

చిన్న వయసులో ఆయన సముద్రం ఒడ్డున గుడి పని నేర్పే చోట చేరాడట. ఉలి పట్టి ఏళ్ల తరబడి రాయి చెక్కాడు. అక్కడ విగ్రహాన్ని గజాలతో కొలవరు, దాని మొహంతోనే కొలుస్తారు. గడ్డం నుంచి నుదుటి దాకా ఒక మొహం. దేవుళ్ల ఎత్తు పది మొహాలు, వాళ్లు కూర్చునేది తామరపువ్వు మీద. మనుషులకు ఎనిమిది, శివుడి వెంట ఉండే పొట్టి గణాలకు నాలుగో అయిదో. ఆ చదువు ఆయన కళ్లలో అలాగే ఉండిపోయింది. "బస్సులో నా పక్కన తొమ్మిది మొగాలాయన కూకున్నాడు, కాళ్లు పెట్టుకొనే దానికి చోటు లేక చానా అవస్థ పడినాడు" అని మామూలుగా చెప్పేవాడు. మా నాయన ఊరుకుంటాడా! "నేను ఎన్ని మొగాలు సారూ?" అని అడిగాడు, పది అంటాడన్న ఆశతో.

"కోపం పడకూడదు మొదలాళీ. ఏడున్నర." యజమానిని మా వైపు మొదలాళీ అంటారు.

ఆ సాయంత్రం నాయన నా పాత స్కూలు స్కేలు పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉండగా చూశాను. నన్ను చూసి, దువ్వెన వెతుకుతున్నట్టు నటించాడు.

గుడి చదువు అయ్యాక ఆయన కాలేజీలో ఇప్పటి కట్టడాల చదువు కూడా చదివి, చెన్నైలో అద్దాల మేడలు కట్టే చోట కొన్నేళ్లు పనిచేశాడు. వచ్చేశారెందుకని అడిగితే, "అక్కడ ఎవరి కోసం కడతా ఉండామో వాళ్ల చెయ్యి నాకు ఎవరూ చూపించలే" అనేవాడు. అలాగని పాతకాలపు మనిషి అనుకోకండి. ఆయన కట్టినదంతా సిమెంటు, ఇనుమే. గీతలు కంప్యూటరులోనే గీసేవాడు. కాకపోతే కంప్యూటరు తెరవకముందు నేల మీద నూలుదారం పరిచి, అందులో మనుషుల్ని కూర్చోబెట్టేవాడు. "ముందు మనిషి కూకోవాల, ఆ తరువాత గోడ లేయాల." ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు. నూలు ఉండ ఒకటి, నాలుగైదు చీపురుపుల్లలు ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ పుల్లని ఎక్కడో ఒకచోట పుటుక్కున విరిచి మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. ఏ ఇంట్లో చీపురు పాడైనా ఈయన వచ్చిపోయాడని అర్థం.

ఒకసారి పని మీద విరుదునగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. మిరపకాయల గోడౌన్ల వెనక వీధి. ఆ వీధిలోకి తిరిగింది మొదలు తుమ్ములు. ఆయన భార్య నాకు మంచినీళ్లిచ్చి, కూర్చోమని స్టూలు చూపించి, వెంటనే "అది వద్దు, అది మా అత్తది. ఇది మా పాపది. ఉండు, నీకు సరిపోయేది లోపల ఉండాది" అంటూ వెతకసాగింది. ఆ ఇంట్లో ఏ రెండు పీటలూ ఒకే ఎత్తులో లేవు.

"చూసినావామ్మా నా బతుకు! ఇంటికి పదిమంది వస్తే ఒక వరసలో కూకోబెట్టలేను. ఒకరి తల ఈడ, ఒకరి తల ఆడ" అని ఆమె తల కొట్టుకుంది. కానీ తనకని చేసిన పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉంటే ఆమె ముఖంలో ఎంత హాయి! ఆ పీటని ఎవరికీ ఇవ్వదట.

మా షెడ్డు కథకు వస్తాను. పాత షెడ్డులో పొయ్యి పొగ ఎటూ పోయేది కాదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నేల మీద కూర్చుని మిఠాయి రుద్దేవాళ్లు. నడుములు పట్టేసేవి. ఆ రోజుల్లోనే నూలు మిల్లు వ్యాను తెల్లారకముందే మా వీధి మొదట్లో వచ్చి ఆగేది. ఒక్కొక్కరే దాంట్లో ఎక్కి పోసాగారు. ఎర్రక్క కూడా "మా కోడలు పిలస్తా ఉందమ్మా, ఆడ ఫ్యాను కింద పనంట" అని నసిగింది. పాకం ఏ క్షణాన దించాలో మా అందరిలో ఆమె చెప్పిందే మాట. ఆమె పోతే మిఠాయి పోయినట్టే. నాయన కూడబెట్టినదంతా పెట్టి ఒక్కటే షెడ్డు కట్టగలడు. అది ఆ ఆడవాళ్లను నిలబెట్టే షెడ్డు కావాలి, లేకపోతే మా పని అంతటితో సరి.

నాయన ఆశలు వేరే. గుడి చదువు చదివిన ఇంజినీరు దొరికాడని ఊరంతా చెప్పుకున్నాడు. ఒక పెళ్లిమండపం ఫోటో తెచ్చి ఆయన ముందు పెట్టాడు. వాకిట్లో వరసగా తూణులు, అంటే స్తంభాలు, తూణుకొక యాళి సింహం, పైన తామరపువ్వులు.

"యాళి ఏం తింటాది మొదలాళీ? కడలె మిఠాయా?"

"ఆటలొద్దు సారూ. తూణు లేని కట్టడం కట్టడమా?"

"గుడిలో తూణు అందానికి పెట్టలే. రాతి దూలం పొడుగు చాలక పెట్టినారు. మనకి ఇనుప దూలం ఉండాది. నడాన తూణు పెడితే ఎర్రక్క పళ్లెం ఎత్తుకొని పోయి గుద్దుకుంటాది."

"గోపురమన్నా?"

"ఉండాది. పొగగొట్టం. ఊరికంతా కనిపించేటంత ఎత్తు కడతా. పాకం పొయ్యి మన గర్బగుడి. దాని నెత్తిన గోపురం."

నాయన దానికి కాస్త మెత్తబడ్డాడు. "సరే. ఒక్క తామరపువ్వన్నా పెట్టండి" అన్నాడు. ఆయన తలూపాడు. ఆ తలూపుడు సంగతి తరువాత వస్తుంది.

నేల మీద నూలు పరిచే రోజు రానే వచ్చింది. శాస్త్రప్రకారం యజమాని నడిమివేలి కణుపే కొలత అవుతుందని ఎవరో నాయన చెవిన వేశారు. ఇంకేం, తలంటుకుని, జరీ పంచె కట్టి, అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి పాకం గరిట తిప్పి తిప్పి ఆయన వేళ్లు వంగిపోయాయి. అవే వేళ్లు చాపి, ఆడవాళ్లందరూ చూస్తుండగా, "కొలుచుకోండి" అన్నాడు.

సారు ఆ చేతిని చూశాడు. ముట్టుకోలేదు. "దీనికి ఎజమాని ఎవరు మొదలాళీ?"

"ఇదేం ప్రశ్న? నేనే!"

"పొద్దున వచ్చి పొద్దుగూకేదాకా దీని లోపల కూకొనేది ఎవరు?"

నాయన ఆడవాళ్ల వైపు చూశాడు.

"గుడిలో ఉండేది సామి, కాబట్టి సామి మొగమే కొలత. ఈడ ఉండేది వీళ్లు. శాస్త్రం తప్పకూడదు కదా" అని తిరిగి, "ఎర్రక్కా, చెయ్యి చూపించు" అన్నాడు. శాస్త్రంలో ఆ మాట అలాగే ఉందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఎర్రక్క సిగ్గుతో చేతిని పైటలో దాచుకుంది. అందరూ ముందుకు తోశారు. ఆయన ఆమె నడిమివేలి పక్కన చీపురుపుల్ల పెట్టి, కణుపు దగ్గర పుటుక్కున విరిచాడు. ఆ పుల్లతో ఒక కొయ్యకర్ర మీద గాట్లు పెట్టాడు. అదే ఇక కొలకర్ర. ఆడవాళ్లు ఒకటే నవ్వు. నాయన చాపిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని మెల్లిగా పంచెకు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నేల నాది, ఇటుక నాది, వేలు మాత్రం ఎర్రక్కదా? నాకు కట్టడమూ వద్దు, వాడూ వద్దు. పొమ్మను!"

"నాయనా, మిల్లు వ్యాను రేపు కూడా వస్తాది" అన్నాను.

"రానీ! అందరూ ఎక్కిపోండి!"

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఒక వేలు కణుపు దగ్గర మా బతుకంతా ఆగిపోయింది. ఆ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందో చెప్పలేను.

పొద్దున్నే సారు వచ్చాడు. చేతిలో విరుదునగర్ నూనె పరోటాల పొట్లం. క్షమాపణ లేదు, నిన్నటి మాట లేదు. నాయన పక్కన కూర్చుని పొట్లం విప్పి, అలవాటుగా నాయన చెయ్యి అందుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. ఈసారి చాలాసేపు పట్టుకున్నాడు. మిరపకాయల ధర గురించి, ఈ ఏడు రాని వాన గురించి మాట్లాడాడు. జేబులోంచి పుల్ల తీసి విరిచాడు. పరోటా పళ్లలో ఇరుక్కుందేమో అనుకుని నేను లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చాను.

తరువాత నాయనను స్థలం దగ్గరికి తీసుకెళ్లి, నూలు గీతల్లో వాకిలి పక్కన కూర్చోబెట్టాడు. "ఈడ నుంచి అందరూ కనిపిస్తారా?"

"కనిపిస్తారు." నాయన ఆయన వైపు చూడకుండానే అన్నాడు.

"పొయ్యి?"

"కనిపిస్తాది."

"మొగాన ఎండ పడతాదా?"

నాయన ఆకాశం వైపు చూసి, "పడదు" అన్నాడు. పంచె సర్దుకుని, "తామరపువ్వు మరిచిపోవద్దు" అన్నాడు. ఇక షెడ్డు ఆగదని నాకు తెలిసిపోయింది.

షెడ్డు లేచింది. నల్లరేగడి నేల కదా, పునాది చాలా లోతుకు దించాడు. నేల మట్టం కన్నా ఎత్తుగా, గుడి అరుగులా చుట్టూ తిన్నె వచ్చింది. ఆడవాళ్లు కూర్చుని చేసుకునే ఎత్తులో బల్లలు, కూర్చున్న మనిషి మొహానికి గాలి తగిలే ఎత్తులో కిటికీలు. పొగ తిన్నగా మా గోపురంలోంచి పైకి పోయేది. మొదటి రోజు ఎర్రక్క తన చోట కూర్చుని, అటూ ఇటూ కదిలి, "ఇదేంది, కొత్త కట్టడంలా లేదే. నేను ఎబ్బుడో కూకున్నట్టే ఉండాది" అంది. మిల్లుకు పోయినవాళ్లలో కొందరు వెనక్కి వచ్చారు. ఎర్రక్క పోనేలేదు.

పని చివర్లో నాయన మూలలో వెయ్యడానికి ఒక రాతిపలక వచ్చింది. దాన్ని సారు వేరే ఎవరి చేతా ముట్టనివ్వలేదు. టార్పాలిన్ కింద కూర్చుని, ఎన్నో ఏళ్ల తరువాత తనే ఉలి పట్టాడు. టక్కు టక్కుమని చప్పుడు వింటూ నాయన ముఖం వెలిగిపోయింది. "పువ్వు చెక్కతా ఉండాడు! చూడొద్దు, దిష్టి తగులతాది" అని మమ్మల్ని అటు పోనివ్వలేదు. తీరా చూస్తే ఉత్త పలక. అంచు గుండ్రంగా చేసి, నున్నగా రుద్దాడు. పువ్వు లేదు, మొగ్గ లేదు.

"తామరపువ్వు ఏది?"

"వస్తాది మొదలాళీ."

ఇక అది వాళ్లిద్దరికీ ఆట అయిపోయింది. ఆయన కోవిల్‌పట్టి వైపు వచ్చినప్పుడల్లా మా దగ్గర దిగేవాడు. చక్కెర లేని టీ తాగేవాడు. మిఠాయి ఇస్తే పళ్లు చూపించి వద్దనేవాడు, వెళ్లేటప్పుడు భార్యకని పొట్లం కట్టించుకునేవాడు. నాయన ఆ రాతి మీద కూర్చుని "నా తామరపువ్వు ఏది సారూ?" అనేవాడు. ఆయన నాయన వైపు పైనుంచి కింది దాకా చూసి, "ఉండాది మొదలాళీ, బాగుండాది" అనేవాడు. మోసగాడని నాయన తిట్టేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నాయనకు ఇంట్లో మెత్తటి కుర్చీ కొనిచ్చాను. దాంట్లో పది నిమిషాలు కూర్చోలేడు, నడుము నొప్పంటాడు. ఆ రాతి మీద మాత్రం పొద్దున కూర్చుంటే భోజనానికి పిలిస్తే గాని లేవడు. "ఏమో పాపా, ఈడ కూకుంటే లేయబుద్ది కాదు" అనేవాడు. పోయే ముందు రోజు కూడా అక్కడే కూర్చున్నాడు.

ఇవన్నీ చెబుతూ ఉంటే ఇంజినీరు పరికరాన్ని జేబులో పెట్టేసి, పొయ్యి గది మేకుకు వేలాడుతున్న కొలకర్రను తెచ్చాడు. కిటికీకి పెట్టాడు, గాటు దగ్గర సరిగ్గా ఆగింది. మెట్టుకు పెట్టాడు, తిన్నెకు పెట్టాడు, తలుపుకు పెట్టాడు. అంతటా సరిపోయింది. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయి షెడ్డంతా కొలిచి, చివరికి నాయన మూలకు వచ్చాడు.

"అక్కా, ఈడ తప్పినాడే మీ సారు."

"ఏం తప్పాడు?"

"కర్ర ఈడ సరిపోలే. కూకొనే ఎత్తుకి గాటు దాటిపోతా ఉండాది. ఈ జన్నల్‌కీ అంతే. కానీ ఈ రాయీ ఈ జన్నల్ రెండూ మాత్రం ఒకదానికొకటి సరిపోతా ఉండాయి. ఈ మూలకు వేరే వేలు పెట్టినాడక్కా. ఇది ఎవరిది?"

పరోటా పొట్లం, రెండు చేతుల మధ్య అంతసేపు ఉండిపోయిన నాయన చెయ్యి, పుటుక్కుమన్న పుల్ల, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. నేను నీళ్లు తెచ్చానే, పళ్లలో ఇరుక్కుందని!

వెళ్లి ఆ రాతి మీద కూర్చున్నాను. ఇన్నేళ్లలో నేనెప్పుడూ దాని మీద కూర్చోలేదు. నాయనకన్నా నేను పొడుగు, నాకు కుదరలేదు. మోకాళ్లు పైకి వచ్చాయి, కిటికీ చట్రం సరిగ్గా కళ్లకు అడ్డం వచ్చింది. ఏడున్నర మొహాల మనిషికి, వంగిన వేళ్ల మనిషికి చేసిన చోటు అది. ఇంకెవరికీ సరిపోదు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నవ్వాను.

"ఈ మూలను ముట్టుకోవద్దు తమ్ముడూ" అన్నాను ఇంజినీరుతో. "షట్టరు వెనకవైపు పెట్టు. యంత్రం చుట్టు తిరిగి వస్తుంది, దానికేం నడుము నొప్పి లేదు."

నా తామరపువ్వు ఏది, నా తామరపువ్వు ఏది అని మా నాయన పోయేదాకా అడిగాడు. రోజూ దాని మీద కూర్చునే అడిగాడు.